మన్యపు విల్లు: అల్లూరి సీతారామరాజు చరిత్రము

మాకవరపాలెమునుండి నర్సీపట్టణము చేరి, అచటినుండి లంబసింగి కనుమ నెక్కి పోయినవారికి చింతపల్లి తగులును. కృష్ణదేవిపేట దారి పట్టినవారికి కొండల యడుగున నొక సమాధి కనబడును. ఎటు పోయినను కూడళ్లయందు ఒకే విగ్రహము నిలిచియుండును: కాషాయవస్త్రము, పెరిగిన గడ్డము, చేత విల్లు, వీపున అమ్ములపొది. అది యెవరిదని మా విద్యార్థుల నడుగ నక్కరలేదు. మూడవ తరగతి బాలుడైనను అల్లూరి సీతారామరాజని చెప్పగలడు.

అయితే పై తరగతుల బాలురు కొందరు మమ్మొక ప్రశ్న యడుగుచుందురు. తుపాకులు గల సర్కారు సేనల నెదిరించి ఆయన విల్లంబులతోనే దాదాపు రెండేండ్లు నిలిచెనా? నిలిచినచో నెట్లు? విగ్రహమునకు నమస్కరించి పోవువారికి తట్టని ప్రశ్న యిది, మంచి ప్రశ్న. దీనికి బదులు చెప్పవలెనన్న రాజు జీవితమును మాత్రము చెప్పిన చాలదు. మన్యపు విల్లెట్టిదో, దానికి తగిన బాణమెట్టిదో కూడ చెప్పవలయును. కావున ఈ చరిత్రమున విల్లునకు కొంత యెక్కువ చోటిచ్చుచున్నాము. చదువరులు ఓర్చుకొందురుగాక.

సీతారామరాజు 1897వ సంవత్సరము జూలై 4వ తేదీన విశాఖపట్టణము జిల్లా పాండ్రంగి గ్రామమున మాతామహుల యింట జన్మించెను. తండ్రి వేంకటరామరాజు, తల్లి సూర్యనారాయణమ్మ. వారి స్వగ్రామము భీమవరమునకు చేరువనున్న మోగల్లు. తండ్రి రాజమహేంద్రవరమున ఫొటోగ్రాఫరుగా జీవించెను. 1908లో ఆయన కలరా సోకి మరణించెను. అప్పటికి బాలునికి పదునొకండేండ్ల ప్రాయము. పిమ్మట తహసీల్దారు పనిలోనున్న పినతండ్రి రామకృష్ణంరాజు ఆ కుటుంబమునకు అండగా నిలిచెను.

బాలుడు రాజమహేంద్రవరము, కాకినాడ, తుని, నరసాపురము, విశాఖపట్టణము, ఇన్ని యూళ్ల బళ్లలో చదివెను. చదువు మాత్రము సాగలేదు. ఉపాధ్యాయులమైన మేము దీనిని దాచి చెప్పుట తగదు. తండ్రి లేని పిల్లవాడు ఊరూరు తిరిగి చదువుట యెంత కష్టమో యెఱిగిన తలిదండ్రులు మన పాఠశాల కుటుంబములలోనే కలరు. ఆయన మనస్సు గుఱ్ఱపుస్వారిమీదను, జ్యోతిషముమీదను, మూలికావైద్యముమీదను నిలిచెను. ఉత్తరదేశ యాత్రలు చేసి, సన్న్యాసివలె జీవించుచు, 1917లో కృష్ణదేవిపేట చేరెను.

మైదానమునుండి వచ్చిన యా యువకునికి మన్యమున ఇంటింట కానవచ్చిన వస్తువులలో విల్లొకటి. బగతలు, కొండదొరలు, కోయలు, కొండరెడ్లు మొదలగు ఏజెన్సీ జనులకు అది రాజుల కథలలోని యుద్ధాయుధము గాదు. కత్తివలె, గొడ్డలివలె నొక పనిముట్టు. చైత్రమాసమున ఇటుకల పండుగ వచ్చినప్పుడు ఊరి మగవారు కలిసి వేటకు పోవుట విశాఖ మన్యపు ఆచారము.

మన్యపు విల్లు సామాన్యముగా వెదురుతో చేసినది. అల్లెత్రాడు కూడ పలుచోట్ల వెదురుబద్దయే. బాణపు కాడ వెదురుదో రెల్లుదో యగును. కొనకు కమ్మరి సాగగొట్టిన ఇనుప ములికి, వెనుక పింజకు పక్షి యీకలు. చూచుటకు ఇంతే. ఇందు కష్టమంతయు జతపఱచుటలో నున్నది. ఒకని వింటికి చక్కగా పోవు బాణము మరియొకని వింట తప్పిపోవును. ఇది చేతి లోపమని పట్టణపువాడనుకొనును, వేటగాడు అట్లనుకొనడు.

కారణము చెప్పెదము. బాణము వింటికొయ్యను చీల్చుకొని నడుమనుండి పోదు; దాని ప్రక్కగా పోవును. అల్లెత్రాడు వెనుకనుండి ఒక్కసారిగా తోయగా, ముందున్న బరువైన ములికి వెంటనే కదలనొల్లదు. ఈ రెంటి నడుమ చిక్కిన కాడ విల్లువలెనే వంగును. అట్లు వంగి, వింటికొయ్యను తప్పించుకొని, అటునిటు ఊగుచు, క్రమముగా నిలకడ చెంది గురివైపు సాగును. కాడ వలసినదానికన్న గట్టిదైనచో చాలినంత వంగదు. కుడిచేతివాటము గలవాడు విడిచిన బాణము అప్పుడు ఎడమకు తొలగును. మెత్తనిదైనచో ఎక్కువ వంగి కుడికి తొలగును. విలుకాని గురి యెంత మంచిదైనను ఫలము లేదు.

ఈ వంపు మన కంటికి అందనంత త్వరలో జరిగిపోవును. 1930ల దశకమున అమెరికాలో హిక్మన్ అను శాస్త్రజ్ఞుడు మిక్కిలి వేగముగా చిత్రములు తీయు కెమెరాతో దీనిని పట్టి చూపెను. చూడకయే యెఱిగినవారు అంతకు పూర్వమెందరో కలరు. ఇంగ్లండున రోజర్ ఆస్కాం అను విద్వాంసుడు, పిమ్మట ఎలిజబెత్తు రాణికి బాల్యమున చదువు చెప్పినవాడు, 1545లో విలువిద్యపై నొక గ్రంథము ప్రకటించి, ఏ చెట్టు కొయ్యతో చేసిన కాడ దేనికి మేలో, ఎట్టి వింటికి ఎట్టి బాణము తగునో అందు విస్తరముగా చర్చించెను. బడిపంతులుకు విల్లుతో పనియేమని యడుగువారికి ఇదే మా సమాధానము.

గట్టి వింటికి గట్టి కాడ, మెత్తని వింటికి మెత్తని కాడ: ఇది మొదటి లెక్క. కాని లెక్క అంతతో ముగియదు. కాడ పొడవైనకొలది ఎక్కువ వంగును. ములికి బరువైనకొలది అదే కాడ మెత్తబడినట్లు నడచును. కావున పిట్టలకు వాడు సన్నని బాణమునకు అడవిపందికి తగిన ములికిని తగిలించినచో అది గురికి పోదు. మితిమీరి తేలికయైన బాణమును గట్టి వింట సంధింపరాదు. బాణము మోసికొనిపోజాలని బలము వింటిలోనే మిగిలి, వింటినే విరిచివేయ వచ్చును. బరువైన బాణము మెల్లగా పోయినను వింటి బలములో ఎక్కువ పాలు తనతో తీసికొనిపోవును. వింటి చప్పుడును తగ్గును. వేటగానికి కావలసినవి యీ రెండే.

ఇక చేయు పని. వెదురుకాడలు కోసి నీడన ఆరనిచ్చి, నిప్పుసెగపై కాచి వంకలు తీయవలయును. వ్రేళ్లమధ్య త్రిప్పి చూడవలయును. కొంచెము వంచి, అది తిరిగి నిలుచు బలమును తెలిసికొనవలయును. ఒకే తూకము, ఒకే వంపు గలవానిని ఏరి ఒక జతగా నుంచవలయును. తక్కినవి ఎంత నునుపైనవైనను పొదిలో చేర్చరాదు. వానకు తడిసి యెండకు ఎండిన కాడ మరల వంకరపోవును, మరల కాచవలయును. త్రాసు, కొలబద్ద లేనివారు చేతితోనే ఈ తూకమును తూచిరి.

ఇంతచేసినను విల్లునకు హద్దు కలదు. తూటా దూరమునుండి పడగొట్టును. బాణము కోసి, నెత్తురు కార్చి చంపును. కావున దగ్గరనుండియే, తగిన చోటనే తగులవలయును. ఇరువది ముప్పది గజములు దాటిన మృగముపై తెలిసిన వేటగాడు సామాన్యముగా బాణము విడువడు. దట్టమైన యడవిలో అంతకన్న దూరము కనబడదు గనుక ఆ హద్దు అక్కడ లోపముగా తోపదు. అడవి విల్లు అడవికే సరిపోవునట్లు వందల యేండ్లలో చెక్కబడినది. బయట తుపాకి పట్టిన మనుష్యుని యెదుట అదే విల్లు చేతకానిదగును.

ఈ విల్లునకు కూడ చట్టములు అడ్డువచ్చినవి. 1878 నాటి ఆయుధముల చట్టము విల్లంబులను సయితము ఆయుధముల లెక్కలో చేర్చెను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముచే సర్కారువారు రిజర్వు అడవులలో పోడు నరకుటను, పశువులను మేపుటను, వేటను, వలలు ఉచ్చులు పన్నుటను అదుపుచేయు అధికారము పొందిరి. తాతలనాడు హక్కైనది మనుమల నాటికి నేరమాయెను. 1879లోనే కల్లుపన్ను మొదలైన బాధలచే రంప దేశమున తిరుగుబాటు లేచి అణగియుండెను. ఆ జ్ఞాపకము మాసిపోకముందే గూడెము ప్రాంతమున డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియను వచ్చి, నర్సీపట్టణమునుండి కొండలలోనికి పోవు రోడ్డుపనులకు మన్యపువారిని బలవంతముగా పట్టి, తగిన కూలి యీయక పని చేయించెను. నేడు మనము బస్సులో కునుకు తీయుచు సాగిపోవు ఘాటురోడ్డు చరిత్రలో ఆ చెమట కలదు.

సీతారామరాజు మొదట ఆయుధము పట్టలేదు. మందులిచ్చెను, కల్లు మానుడని బోధించెను, తగవులు కోర్టులకు పోక పంచాయతీలలో తీర్చుకొనుడని చెప్పెను. సర్కారువారు అనుమానించి 1922 ఆరంభమున కొన్నాళ్లు ఆయనను నర్సీపట్టణమున నుంచి, పిమ్మట పైడిపుట్టలో భూమి నిచ్చి అచట నుండునట్లు ఏర్పాటు చేసిరి. భూమి దొరికిన పిమ్మట ఊరకుండునని వారి తలంపు. బాస్టియను చేతిలో నష్టపోయిన గాము గంటందొర, గాము మల్లుదొర సోదరులు ఆయనతో కలిసిరి. ఆ యేడు వానలు పడుచుండగనే అందరును లేచిరి.

ఇచట మా విద్యార్థుల ప్రశ్నకు వత్తుము. ఆ కొండలలో లేచిన మూడువందలమందియొద్ద నున్నవి విల్లంబులు, బల్లెములు, కత్తులు. వానిని పట్టుకొని ఆయన సేనలమీదికి నడవలేదు. 1855లో ఉత్తరమున సంతాలు జనులు అట్లు నడిచి, తుపాకుల యెదుట వేలకొలది నేలకొరిగిరి. రాజు చేసిన మొదటి పని పోలీసు ఠాణాలనుండి తుపాకులను తెచ్చుకొనుట. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: వరుసగా మూడు దినములలో మూడు ఠాణాలు. దొరికినవి 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు. రాజవొమ్మంగిలో బందీగానున్న వీరయ్యదొరను కూడ విడిపించిరి. తీసికొనిన ఆయుధములకు ఆయన లెక్కవ్రాసి సంతకము పెట్టి వచ్చెను. దొంగతనముగా పట్టుకొనిపోలేదని చూపుటకే కాబోలు.

కనుక విగ్రహమున మనము చూచు విల్లు ఆయన తన జనుల గుర్తుగా ధరించినదని చెప్పుట సత్యము. దానితోనే సామ్రాజ్యమును ఎదిరించెననుట సత్యము గాదు. ఏ పనికే యాయుధము తగునో యెఱిగినవాడని చెప్పిన ఆయన కీర్తి తగ్గదు. తన వెంటవచ్చినవారి ప్రాణములను లెక్కలోనికి తీసికొనిన నాయకుడని మేము దీనినిబట్టి యెంచుచున్నాము.

అయితే తుపాకి పట్టినను వారు వేటగాండ్రుగానే పోరిరి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హేటరు అను ఇద్దరు ఇంగ్లీషు అధికారులు బలగముతో పోవుచుండగా, చెట్లచాటున నున్నవారు ముందు నడచు భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన యా యిద్దరినే గురిచూచి చంపిరి. మందలో కావలసిన మృగము దగ్గరకు వచ్చువరకు ఊపిరి బిగబట్టి కాచియుండుట వింటితో వేటాడినవానికి అలవాటైన విద్య. దూరమునుండి తుపాకి కాల్చుటకు మాత్రమే అలవడినవానికి అంత యోర్పు చిక్కదు. చనిపోయిన యిద్దరును యువకులే, వారికిని తల్లులుండిరి. వారి సమాధులు నర్సీపట్టణమున కలవు. ఆ యూరికి పోవు మా పిల్లలు వానిని కూడ చూచి రావలెనని కోరుచున్నాము.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని తుపాకికిని దాని జత యొకటి కావలయును. 2500 తూటాలను 26 తుపాకులకు పంచిన తుపాకికి నూరైనను రావు. బాణమెన్ని పోయినను కొండమీద వెదురున్నంతకాలము, ఊరిలో కొలిమి యున్నంతకాలము మరల చేసికొనవచ్చును. తూటాను మన్యమున నెవరును చేయలేరు. అది సర్కారు కొట్లనుండియే రావలయును. సర్కారు కొట్లను ఎల్లప్పుడు కొల్లగొట్టుట సాధ్యము గాదు. అక్టోబరు 15న ముందుగా వర్తమానమంపి మరీ అడ్డతీగల ఠాణాపై పడిరి. 19న రంపచోడవరము చేరిరి. అధికారులు మేలుకొని ఆయుధములను ముందే తరలించియుండుటచే కోరినవి దొరకలేదు. ముందుగా చెప్పి వచ్చుట ధైర్యమే. తూటాల లెక్కలో మాత్రము నష్టమే. ఈ విషయమున రాజును మెచ్చుకొనుటకు మాకు కొంచెము సంకోచము కలుగుచున్నది.

అటుపిమ్మట మలబారునుండి ప్రత్యేక పోలీసులు వచ్చిరి. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెమునొద్ద జరిగిన పోరున రాజు పక్షము పెక్కుమందిని కోల్పోయి చెదరెను. కొంతకాలము ఆయన జాడ తెలియలేదు. 1923 ఏప్రిలులో అన్నవరమున పట్టపగలు కనబడి, జనులతో మాటలాడి, దేవాలయ దర్శనము చేసికొని మరల కొండలలో కలిసిపోయెను. అస్సాం రైఫిల్సు దళములు దిగినవి. ఆయనను పట్టి యిచ్చినవారికి పదివేల రూపాయల బహుమానము ప్రకటింపబడెను. 1924లో రూథర్‌ఫర్డు ప్రత్యేకాధికారిగా వచ్చిన పిమ్మట, తిరుగుబాటుదారులకు అన్నము పెట్టు పల్లెలపై ఒత్తిడి మిక్కుటమాయెను. రాజు తన పోరుకొరకు ఆ పల్లెలు పడిన బాధను చూచుచునే యుండెను.

1924 మే 7న మంప గ్రామమునొద్ద స్నానము చేయుచుండగా ఆయనను పట్టుకొనిరి. కొయ్యూరునకు కొనిపోయిరి. అచట మేజరు గుడాల్ ఆయనను చెట్టునకు కట్టించి కాల్చెనని మన్యమంతట చెప్పుకొందురు. పారిపోవ యత్నించుటచే కాల్చితిమని సర్కారువారు ప్రకటించిరి. విచారణ లేదు, న్యాయస్థానము లేదు. ఇది మాత్రము ఇరుపక్షముల మాటలలోను సమానము. అప్పటికి ఆయనకు ఇరువదియేడేండ్లు నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో కలదు.

ఆయన పేర 2022 ఏప్రిలులో పాడేరు ముఖ్యస్థానముగా నొక జిల్లా యేర్పడెను. చింతపల్లియు కొయ్యూరును ఆ జిల్లాలో చేరినవి. కృష్ణదేవిపేట మాత్రము మన మాకవరపాలెమువలెనే అనకాపల్లి జిల్లాలో నున్నది. అడవిమృగముల వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషేధింపబడినది. కాడను సెగపై కాచి, వ్రేళ్లతో తూచి జతకూర్చు విద్య యెఱిగిన ముదుసళ్లు ఏ పల్లెలోనైన నున్నయెడల, మా విద్యార్థులు పోయి వారియొద్ద కూర్చుండి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని రావలెను. వచ్చు సంచికలో అచ్చువేయుటకు మేము సిద్ధముగా నున్నాము.

గాము గంటందొర రాజు మరణించిన నెలకు, 1924 జూన్ 7న, పోరులో చనిపోయెను. తమ్ముడు మల్లుదొర పట్టుబడి, అండమాను జైలుకు పంపబడి, శిక్ష ముగించుకొని తిరిగివచ్చెను. 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి లోకసభకు విశాఖపట్టణమునుండి ఎన్నికై, ఆ కొండల మనిషి ఢిల్లీలో ప్రమాణము చేసెను.